ఒకే ఆల్బం, ఎన్నో పాఠాలు: క్లాసిక్ రాక్ ఎల్పీల మలిముద్రణలను పోల్చేదెలా

పింక్ ఫ్లాయిడ్ బృందం ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ 1973 మార్చిలో వచ్చింది. బరంపురంలో ఒక ఇంటి అలమరలో ఆ ఆల్బం ప్రతులు మూడున్నాయనుకుందాం. ఒకటి కలకత్తా వెళ్ళినప్పుడు ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డుల కొట్లో ఏరుకొచ్చిన భారతీయ ప్రతి. రెండోది 2003లో ముప్పయ్యేళ్ళ సందర్భంగా వేసింది. మూడోది 2016 నాటి ముద్రణ. అట్టల మీద అదే నలుపు, అదే పట్టకం. ముల్లు పెడితే మూడూ మూడు రకాలుగా మోగుతాయి. ఒకదాంట్లో బాస్ బిగువుగా ఉంటుంది, ఇంకోదాంట్లో గొంతు ముందుకొస్తుంది, మరోదాంట్లో మొదట వినపడాల్సిన గుండెచప్పుడు చిటపటల్లో మునిగిపోతుంది. ఏది మంచిది అని అడిగితే తలా ఒకటి చెప్తారు. ఎందుకు మంచిది అంటే మాత్రం చాలామంది “ఇది 180 గ్రాములండీ” దగ్గర ఆగిపోతారు.

తాళపత్ర ప్రతులను పరిష్కరించిన పండితులకు ఈ చిక్కు కొత్త కాదు. ఒక కావ్యానికి పది ప్రతులు దొరికితే ఏ ప్రతి దేనికి నకలో ముందు తేల్చుకునేవారు. ఏ పాఠం మేలన్నది ఆ తర్వాతి మాట. ఎల్పీలకూ అదే దారి. మూడు ప్రశ్నలు వేయాలి: ఏ మూలం నుంచి తీశారు? గాడి ఎవరు చెక్కారు? ఎక్కడ అచ్చేశారు? అట్ట మీది స్టిక్కరు మాట్లాడేది బరువు, రంగు, పరిమిత సంఖ్య గురించి. ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ వాటిలో జవాబు లేదు.

టేపు నుంచి గాడి దాకా

స్టూడియోలో తయారైన రెండు చానళ్ళ మాస్టర్ టేపును మాస్టరింగ్ ఇంజినీరు సరిచూసి, గాడి చెక్కే యంత్రమైన లేత్ మీదికి పంపుతాడు. అక్కడ అల్యూమినియం పళ్ళెం మీద నైట్రోసెల్యులోజ్ పూత ఉంటుంది. దాన్ని లక్కర్ అంటారు. వేడెక్కిన సూదిమొన ఆ పూతలో గాడి చెక్కుతుంది. బాస్‌ను ఉన్నదున్నట్టు చెక్కితే గాడి వెడల్పయిపోయి చోటు చాలదు. అందుకని చెక్కేటప్పుడు బాస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, వినేటప్పుడు ముల్లు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీ-ఆంప్ దాన్ని తిరగేస్తుంది. 1954లో స్థిరపడిన ఈ లెక్కను ఆర్ఐఏఏ వక్రం అంటారు.

లక్కర్ మీద వెండి పూసి నికెల్ ఎక్కిస్తే గాడి స్థానంలో గట్టు ఉన్న ‘ఫాదర్’ వస్తుంది. దాని నుంచి మళ్ళీ గాడి ఉన్న ‘మదర్’, దాని నుంచి మళ్ళీ గట్టు ఉన్న ‘స్టాంపర్’. ప్రెస్సులో పీవీసీ ముద్దను నొక్కేది ఈ స్టాంపరే. కంచరివాళ్ళ పోత పని చూసినవాళ్ళకు అచ్చు, అచ్చుకు అచ్చు అన్న మాట వెంటనే అర్థమవుతుంది. ఒక్కో స్టాంపర్ సుమారు వెయ్యి ప్రతులకు అరిగిపోతుంది. తర్వాత కొత్తది. మదర్లు కూడా అయిపోతే కొత్త లక్కర్ చెక్కాలి. అప్పుడు ఇంజినీరు మారవచ్చు, టేపు మారవచ్చు, ఊరే మారవచ్చు. కేటలాగు సంఖ్య, అట్ట మాత్రం అవే ఉంటాయి. ఒకే ఏడాదిలో అమ్ముడైన రెండు ప్రతులు వేరుగా మోగడానికి కారణం ఇక్కడుంది.

ఈ మధ్య ‘వన్-స్టెప్’ అని ఖరీదుగా అమ్మేవాటిలో ఫాదర్, మదర్ ఉండవు. లక్కర్ నుంచి తీసిన మొదటి లోహపు ముక్కతోనే అచ్చేస్తారు. రెండు నకళ్ళ నష్టం తప్పుతుంది కానీ లక్కర్లు ఎక్కువ కావాలి. ఆ లక్కర్లే ఇప్పుడు అపురూపం. 2020 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలోని బానింగ్‌లో అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయాక, పెద్ద ఎత్తున లక్కర్లు చేసేది జపానులోని ఒక్క సంస్థే అయింది.

మూలం: తగాదాలన్నీ ఇక్కడే

ముందు రెండు మాటలను విడదీయాలి. రీమాస్టర్ అంటే పాత మిక్స్‌నే మళ్ళీ సరిచూసి చెక్కడం. రీమిక్స్ అంటే డ్రమ్స్, గిటార్, గొంతు విడివిడిగా ఉన్న బహుళ ట్రాకుల టేపుకు వెనక్కి వెళ్ళి కొత్తగా కలపడం. బీటిల్స్ ‘సార్జెంట్ పెపర్స్’కి 2017లో గైల్స్ మార్టిన్ చేసింది రీమిక్స్. జెత్రో టల్ ‘ఆక్వాలంగ్’కి 2011లో స్టీవెన్ విల్సన్ చేసిందీ అదే. వీటిని 1967, 1971 ప్రతుల పక్కన పెట్టి “ఏ ముద్రణ మేలు” అనడం కుదరదు. అవి వేరే రచనలు. అందులో వినిపించే తేడా కొత్తగా కలిపిన చేతిది. గాడికీ ప్లాస్టిక్‌కూ ఆ తేడాతో పని లేదు.

‘సార్జెంట్ పెపర్స్’ లోనే దీనికి కొట్టొచ్చినట్టుండే సాక్ష్యం ఉంది. ‘షీజ్ లీవింగ్ హోమ్’ పాట మోనో మిక్స్‌లో కాస్త వేగంగా, పై శ్రుతిలో నడుస్తుంది. స్టీరియోలో నెమ్మదిగా, కింది శ్రుతిలో ఉంటుంది. ఈ సంగతి తెలియకపోతే రెండు ప్రతులు పక్కపక్కన వింటున్నవాళ్ళు టర్న్‌టేబుల్ వేగం తప్పిందనుకుని బెల్టు మార్చేస్తారు.

డిజిటల్ దశ ఉందా లేదా అన్నది తర్వాతి ప్రశ్న. బీటిల్స్ స్టీరియో ఎల్పీలు 2012లో మళ్ళీ వచ్చినప్పుడు 2009 నాటి డిజిటల్ రీమాస్టర్ నుంచి చెక్కారు. 2014లో వచ్చిన మోనో పెట్టెను ఆబీ రోడ్ స్టూడియోలో అసలు మోనో టేపుల నుంచి, మధ్యలో డిజిటల్ లేకుండా చెక్కారు. లెడ్ జెపెలిన్ ఆల్బంలు 2014-15లో జిమ్మీ పేజ్ పర్యవేక్షణలో వచ్చినప్పుడు మూలం హై-రిజల్యూషన్ డిజిటల్ ఫైళ్ళే. ఇవన్నీ బయటికి తెలిసిన విషయాలు. కొనేముందు తెలుసుకోదగ్గవి.

తెలియనివ్వకపోతే ఏమవుతుందో 2022 జులైలో చూశాం. ‘ఒరిజినల్ మాస్టర్ రికార్డింగ్’ అన్న పట్టీతో దశాబ్దాలుగా ఎల్పీలు అమ్ముతున్న మొబైల్ ఫిడెలిటీ సంస్థ 2011 నుంచి చాలా ముద్రణల్లో డీఎస్‌డీ అనే డిజిటల్ దశ వాడుతోందని బయటపడింది. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ వన్-స్టెప్ ముద్రణను 40,000 ప్రతులు వేస్తామని వాళ్ళు ప్రకటించారు. అన్ని లక్కర్లు చెక్కడానికి అసలు టేపును అన్నిసార్లు తిప్పనివ్వరు కదా అన్న అనుమానం దాంతో బలపడింది. కోర్టు దావా సుమారు 2.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. అంతకుముందు పదేళ్ళుగా అవే రికార్డులను ‘అచ్చమైన అనలాగ్’ అని మెచ్చుకున్న చెవులెన్నో ఉన్నాయి. కాబట్టి డిజిటల్ దశ ఉండటమే లోపమని ఒప్పుకోలేం. కొన్నవాళ్ళకు చెప్పకపోవడం లోపం, అదీ పెద్ద లోపం.

ఎదురు ఉదాహరణ డైర్ స్ట్రెయిట్స్ ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’. 1985లో వచ్చిన ఆ ఆల్బంను స్టూడియోలోనే డిజిటల్ టేపు మీద రికార్డు చేశారు. దానికి ‘పూర్తి అనలాగ్’ ప్రతి వెతకడం ఆకు లేని చెట్టుకింద నీడ వెతకడమే. దాంట్లో చూడాల్సింది నిడివి. సీడీలో 55 నిమిషాలున్న ఆల్బంను తొలి ఎల్పీలో ఒక్క డిస్కుకు పట్టేలా కొన్ని పాటలు కుదించి సుమారు 47 నిమిషాలు చేశారు. రెండు డిస్కుల మలిముద్రణల్లో పూర్తి నిడివి ఉంటుంది. ఇక్కడ మలిముద్రణే నిండైన పాఠం. తొలి ముద్రణ ఎప్పుడూ గొప్పదన్న నమ్మకానికి ఇలాంటివి అడ్డు తగులుతూనే ఉంటాయి.

చెక్కిన చేయి

లెడ్ జెపెలిన్ రెండో ఆల్బం 1969లో వచ్చింది. అమెరికాలో తొలి లక్కర్‌ను రాబర్ట్ లడ్విగ్ చాలా పెద్ద శబ్దస్థాయిలో చెక్కారు. చవక ప్లేయర్ల మీద ముల్లు గాడి దాటి ఎగిరిపడుతోందని కంపెనీ దాన్ని ఆపి, స్థాయి తగ్గించి మళ్ళీ చెక్కించింది. ఆ తొలి ప్రతులను ఈనాటికీ వేల మంది వెతుకుతున్నారు. అట్ట చూసి వాటిని గుర్తుపట్టలేం. చివరి పాటకూ లేబులుకూ మధ్య ఖాళీగా ఉండే నల్లని వలయంలో ‘ఆర్ఎల్’ అని చేత్తో గీసి ఉంటుంది. అంతే.

ఆ వలయాన్ని రనౌట్ అంటారు. ఎల్పీకి అదే శాసనం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ముఖలింగం గుడి రాతలను కూడబలుక్కుని చదివిన గిడుగు రామమూర్తి గారి ఓపిక కాస్త మనకూ కావాలి. ఎల్పీని లైటు కింద నిలువుగా పట్టుకుంటే అక్షరాలు కనపడవు. బల్ల మీద మెత్తని గుడ్డ పరిచి ఎల్పీని ఉంచి, ఫోను టార్చిని దాదాపు ఉపరితలానికి ఆనించినంత ఏటవాలుగా పట్టాలి. నీడ పడి గీతలు లేస్తాయి. గడియారంలా చుట్టూ తిప్పుతూ రెండు వైపులా కనిపించిన ప్రతి గుర్తునూ రాసుకోవాలి. అచ్చుకొట్టినట్టున్నది వేరు, చేత్తో గీసింది వేరు. రెండింటినీ విడిగా నమోదు చేయాలి.

ఏం కనిపిస్తాయి? ముందుగా మాతృక సంఖ్య. ‘ఆబీ రోడ్’ ఇంగ్లండు తొలి ప్రతుల మొదటి వైపు వైఈఎక్స్ 749-2 అని ఉంటుంది. చివరి 2 అంటే ఆ వైపుకు చెక్కిన రెండో లక్కర్. మొదటిది పనికిరాకపోతే తొలి ప్రతే 2తో మొదలవుతుంది. ‘డార్క్ సైడ్’ కూడా అంతే. ఇంగ్లండులో హార్వెస్ట్ లేబుల్ మీద ఎస్‌హెచ్‌వీఎల్ 804 అన్న కేటలాగు సంఖ్యతో వచ్చిన తొలి ప్రతి ఏ-2, బీ-2. లేబుల్ మీద లేత నీలం నిండిన త్రికోణం ఉంటుంది. కాబట్టి ‘1 లేదు, ఇది మొదటిది కాదు’ అని తొందరపడకూడదు.

తర్వాత ఇంగ్లండు ఈఎంఐ కంపెనీ వాడిన స్టాంపర్ అక్షరాలు. ఇవి సరదా అయినవి. గ్రామఫోన్ లిమిటెడ్ పేరులోంచి తీసిన జి, ఆర్, ఎ, ఎం, ఓ, పి, హెచ్, ఎల్, టి, డి అన్న పది అక్షరాలు వరుసగా 1 నుంచి 9 దాకా, చివరిది 0. మాతృక సంఖ్యను ఆరు గంటల స్థానంలో ఉంచితే తొమ్మిది గంటల దగ్గర మదర్ సంఖ్య, మూడు గంటల దగ్గర ఈ అక్షరాలు ఉంటాయి. ‘జి’ ఒక్కటే ఉంటే మొదటి స్టాంపర్. ‘ఆర్ఓ’ అంటే 25వది. ఇక చెక్కినవాళ్ళ సంతకాలు: జార్జ్ పెక్‌హామ్ అయితే ‘ఎ పోర్కీ ప్రైమ్ కట్’ అన్న వాక్యం, బెర్నీ గ్రండ్‌మన్ అయితే ‘బీజీ’, కెవిన్ గ్రే కొత్త ముద్రణలైతే ‘కేపీజీ@సీఏ’. కొనేముందు అమ్మేవారిని అడగాల్సిన మొదటి ఫొటో ఈ వలయానిది. అట్ట ఫొటోలు పది పంపి రనౌట్ ఫొటో పంపనివారి దగ్గర తొలి ముద్రణ ధర పెట్టకండి. ఫొటో అందాక, రికార్డుల ముద్రణల వివరాలు నమోదయ్యే డిస్కాగ్స్ వెబ్‌సైటులో ఆ ఆల్బం ముద్రణలన్నీ తెరిచి అక్షరం అక్షరం పోల్చాలి. 1970ల చివరి దాకా అట్టల మీద బార్‌కోడ్ లేదన్న గుర్తు కూడా పనికొస్తుంది. 1971 నాటి ప్రతి అంటూ బార్‌కోడ్ ఉన్నది చూపిస్తే అక్కడితో మాట ముగిసినట్టే.

చెక్కిన తీరులో మరో ముఖ్యమైన సంగతి నిడివి. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరుగెత్తుతుంది. లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లే. అదే పాట సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. అందుకే ప్రతి వైపూ చివరి పాటలో ‘స’, ‘ష’ అక్షరాలు గీరుకున్నట్టు వస్తాయి. ఒక వైపు 18 నుంచి 22 నిమిషాలుంటే ఇంజినీరుకు ఊపిరాడుతుంది. 26 దాటితే శబ్దస్థాయి తగ్గించాలి, లేదా బాస్ కోయాలి. ఫ్లీట్‌వుడ్ మాక్ ‘రూమర్స్’ను స్టీవ్ హాఫ్‌మన్, కెవిన్ గ్రే 45 వేగంతో రెండు డిస్కులుగా చెక్కింది ఈ ఇరుకు తప్పించడానికే. పది నిమిషాలకోసారి లేచి తిప్పాలి కానీ చివరి పాటలో దక్కేది ఆ శ్రమకు తగినదే.

అచ్చు తప్పులు

బరువు సంగతి ఇక్కడ తేల్చేద్దాం. గాడి లోతు 120 గ్రాముల ఎల్పీలోనూ 180 గ్రాముల ఎల్పీలోనూ ఒకటే. బరువైనది వంగకుండా కాస్త నిలుస్తుంది, చేతికి నిండుగా ఉంటుంది. దానివల్ల బాస్ పెరగదు. మందం పెరిగితే ముల్లు కోణం మారుతుందన్న భయమూ అక్కర్లేదు. తొమ్మిది అంగుళాల ఆర్మ్ (ముల్లును మోసే కడ్డీ) మీద ఒక డిగ్రీ మారాలంటే ఎత్తు 4 మిల్లీమీటర్లు మారాలి. ఎల్పీల మందాల్లో తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

నిజంగా చెడగొట్టేవి మూడు. ప్రెస్సులో పీవీసీ గాడి అడుగుదాకా నిండకపోతే ఒక చానల్లో జిప్పు లాగినట్టు ‘ర్‌ర్‌ర్’ మని వస్తుంది. దీన్ని నాన్-ఫిల్ అంటారు. కడిగితే పోదు, తిరిగి పంపేయాల్సిందే. రెండోది రంధ్రం నడిమధ్యన లేకపోవడం. లోపలి గాడి దగ్గర అర్ధవ్యాసం 60 మిల్లీమీటర్లు. రంధ్రం ఒక్క మిల్లీమీటరు జరిగితే శ్రుతి 1.7 శాతం అటూఇటూ ఊగుతుంది, అంటే అర్ధస్వరంలో పావు వంతు కంటే ఎక్కువ. పియానో, సాగదీసిన గిటార్ స్వరాల్లో స్పష్టంగా తెలుస్తుంది. ఆర్మ్ ప్రతి చుట్టుకూ ఎడమకు కుడికి ఊగుతుంటే కారణం ఇదే. మూడోది వంకర. పళ్ళెంలా మొత్తం కుంభాకారంగా ఉన్నదాన్ని నడిమధ్యన బిగించే క్లాంప్‌తో కొంత నెట్టుకురావచ్చు. అంచు ఒకచోట అలలా లేచినది ముల్లును ఎగరేస్తుంది. లోపల బొమ్మ పెట్టి అచ్చేసిన డిస్కులు చూడటానికి బాగుంటాయి, వినడానికి కొనకండి.

మన దేశపు ప్రతుల గురించి వేరుగా చెప్పుకోవాలి. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్ ఎల్పీలు అచ్చేసింది. కొన్నిటి రనౌట్‌లో ఇంగ్లండు మాతృక సంఖ్యలే కనిపిస్తాయి. అలాంటివి దొరికితే చెక్కిన చేయి అసలుదే, అచ్చు మనది. చిక్కు వాటి తర్వాతి జీవితంలో ఉంది. చాలావరకు సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే ముక్క) ఉన్న పెట్టె ప్లేయర్ల మీద తిరిగాయి. ఇవాళ్టి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ 2 గ్రాముల బరువుతో నడిస్తే అవి 5 గ్రాములకు పైనే మోపేవి. గాడి గోడలు బూడిదరంగు తిరిగి, పెద్ద గొంతు వచ్చినప్పుడల్లా పగిలినట్టు మోగితే అది అరుగుదల. ఎంత కడిగినా రాదు. మెరుపు నిలిచి చిటపటలు మాత్రమే ఉంటే అది మురికి, వదిలించవచ్చు. ధర తక్కువగా ఉంటే రెండో రకం డమ్‌డమ్ ప్రతిని వదులుకోవద్దు.

గంజాం గాలికి ఎల్పీలు

బరంపురం, గోపాలపూర్ వైపు వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. రాయగడ, గుణుపురంలో ఎండాకాలం మంటలు. కోరాపుట్ కొండ మీద ఎండ ఫరవాలేదు కానీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోడలే చెమరుస్తాయి. పరదేశాల పుస్తకాల్లోని భద్రపరిచే సలహాలు మనకు సగమే పనికొస్తాయి.

బూజు ముందు అట్టకూ లోపలి కాగితపు కవరుకూ పడుతుంది, అక్కడి నుంచి గాడిలోకి దిగుతుంది. కాగితపు కవర్లు తీసి హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌తో చేసిన లోపలి కవర్లు వేయాలి. పాత కవరు మీద పాటల మాటలు, బొమ్మలు ఉంటే దాన్ని అట్టలో విడిగా ఉంచాలి. బయటి కవరు పాలీప్రొపిలీన్ గానీ పాలిథీన్ గానీ కావాలి. దళసరి పీవీసీ కవర్లు వద్దు. వేడికి వాటిలోంచి వచ్చే ఆవిరి ఎల్పీ మీద పొగమంచులా పడుతుంది, అది వదలదు. కలరా ఉండలు కూడా వద్దు, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కు పడదు. మూసిన ఇనుప బీరువా తేమను లోపలే పట్టి ఉంచుతుంది. వెనక గాలాడే చెక్క అర మేలు, అయితే గోడకు నాలుగు వేళ్ళ ఎడం ఉండాలి, లేకపోతే చెద గోడ మీదుగా వస్తుంది. అడుగు అర నేలకు ఒక అడుగు ఎత్తున ఉండాలి. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటిన సంగతి ఇక్కడెవరూ మరిచిపోలేదు. నీళ్ళు తగిలితే అట్టతో సహా ఆరబెట్టకండి. ముందు ఎల్పీని బయటికి తీసి, బురద ఎండకముందే మంచినీళ్ళతో కడగాలి. నూరు ఎల్పీలు పాతిక నుంచి ముప్పై అయిదు కిలోలు తూగుతాయి. నిలువుగా పేర్చి, అడుగుకొక అడ్డపలక పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకూడదు.

పీవీసీ 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. మే నెల ఎండలో మూసిన కారు, కొరియర్ బండి ఆ వేడికి చేరువవుతాయి. ఖరీదైన ముద్రణలు మార్గశిరం నుంచి మాఘం దాకా తెప్పించుకోవడం క్షేమం. ఎల్పీని అట్ట బయట ఉంచి పంపమని అడగండి. లోపల ఉంటే దారి కుదుపులకు అంచు తగిలి అట్ట అతుకు చీలుతుంది.

శుభ్రానికి కావలసినవి తక్కువ. లీటరు డిస్టిల్డ్ నీళ్ళు, ఫొటో కడిగే పనిలో వాడే ఫొటో-ఫ్లో లాంటి తడిపే ద్రవం 5 మిల్లీలీటర్లు. జిడ్డు, బూజు ఉంటే 200 మిల్లీలీటర్ల నీటి బదులు శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్. చేతుల శానిటైజర్ పనికిరాదు, దాంట్లో గ్లిజరిన్, అత్తరు ఉంటాయి. బ్యాటరీ నీళ్ళు కొంటే ఆసిడ్ కలవనివని చూసుకోవాలి. బూజున్న ఎల్పీని ముందు ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని పొడి బ్రష్షుతో దులపాలి. తర్వాత వైపుకు 3-4 మిల్లీలీటర్లు పరిచి, మేకవెంట్రుకల బ్రష్షుతో గాడి వెంటే తిప్పి, లేబుల్ తడవకుండా మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, చివర వట్టి డిస్టిల్డ్ నీళ్ళతో మళ్ళీ కడగాలి. ఈ చివరి కడుగుడు మానేస్తే మందే ఎండి చిటపటలవుతుంది. ఒక్క హెచ్చరిక: తాతల నాటి 78 వేగం ప్లేట్లు లక్కతో చేసినవి. వాటికి ఆల్కహాల్ తగిలితే కరిగిపోతాయి.

పోల్చేటప్పుడు

ముందు ప్లేయర్. బంధువులు అమెరికా నుంచి తెచ్చిన పాత బెల్ట్-డ్రైవ్ టర్న్‌టేబుల్ ఏసీ సింక్రనస్ మోటారుదైతే 60 హెర్ట్జ్ కోసం చేసింది. మన 50 హెర్ట్జ్ కరెంటుకు 33⅓ కాస్తా 27.8 అవుతుంది. వోల్టేజి మార్చే ట్రాన్స్‌ఫార్మర్ దీన్ని సరిచేయదు, పుల్లీ మార్చాలి. వేగం చూసుకోవడానికి స్ట్రోబ్ డిస్కు (వేగం సరిగ్గా ఉంటే కదలనట్టు కనిపించే గీతలున్న చక్రం) అచ్చు తీసుకుంటే 33⅓కు 180 గీతలున్నది వాడాలి, 216 గీతలది 60 హెర్ట్జ్‌కు. పాతరకం బల్బు కింద చూడాలి, చాలా ఎల్ఈడీ బల్బులు మిణకవు కాబట్టి గీతలు నిలబడవు. ముల్లు బరువు చిన్న డిజిటల్ త్రాసుతో తూచి కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పినంతే పెట్టాలి. ఆర్టోఫోన్ 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు, ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు. తక్కువ పెడితే ఎల్పీ అరగదన్నది తప్పు. ముల్లు గాడిలో నిలవక గోడలను కొడుతుంది, అరుగుదల ఇంకా ఎక్కువ. పాత ఇళ్ళలో ఎర్తింగ్ సరిగా ఉండదు. గుయ్‌మని మోగుతుంటే టర్న్‌టేబుల్ ఎర్త్ తీగ ప్రీ-ఆంప్‌కు బిగించారో లేదో మొదట చూడండి.

ఇక చెవి. ఒక ప్రతి మరోదానికంటే ఒక్క డెసిబెల్ గట్టిగా మోగినా మనకు అదే ‘నిండుగా’, ‘ప్రాణంతో’ ఉన్నట్టు అనిపిస్తుంది. పెద్ద స్థాయిలో చెక్కిన ప్రతి గెలిచేది చాలాసార్లు ఈ ఒక్క కారణం వల్లే. అందుకని స్థాయి సమం చేయకుండా చేసిన పోలిక లెక్కలోకి రాదు. రెండు ప్రతులనూ ఒకే విధంగా కడిగి, ఒకే రోజు, ఒకే ముల్లుతో 24-బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అత్యధిక స్థాయి మైనస్ 6 డెసిబెల్ దగ్గర ఉంటే చాలు. శబ్దాన్ని కత్తిరించి సరిదిద్దే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో రెండిట్లోనూ అదే పాట, అదే ముప్పై సెకన్లు కత్తిరించి, సగటు స్థాయి 0.2 డెసిబెల్ లోపు సమం చేయాలి. డైనమిక్ రేంజ్, అంటే మెల్లని శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య తేడా, కొలిచే సాఫ్ట్‌వేర్ అంకెలను ఇక్కడ నమ్మకండి. ఎల్పీ గుండా వెళ్ళిన శబ్దం శిఖరాలు సహజంగానే లేస్తాయి కాబట్టి, గట్టిగా నొక్కేసిన డిజిటల్ మాస్టర్ నుంచి చెక్కిన ఎల్పీకి కూడా మంచి మార్కులు వస్తాయి.

ముప్పై సెకన్లు ఎక్కడివి తీసుకోవాలన్నదే నేర్పు. పాట మొదట్లోని నిశ్శబ్దం పీవీసీ నాణ్యత చెప్తుంది. వైపు చివరి పాటలో ‘స’కారాలు చెక్కిన తీరు చెప్తాయి. సాగిన పియానో స్వరం రంధ్రం నడిమధ్యన ఉందో లేదో చెప్తుంది. డ్రమ్స్, గిటార్, గొంతు అన్నీ కలిసి వచ్చే చోట మాస్టరింగ్‌లో ఎంత నొక్కారో తెలుస్తుంది. ఒక్కచోట విని తీర్పు చెప్తే ఈ నాలుగూ కలగాపులగం అవుతాయి. అచ్చు తప్పును చెక్కినవారి మీద వేయడం, టేపు లోపాన్ని కర్మాగారం మీద వేయడం ఇలాగే జరుగుతుంది. అనుమానం ఉంటే అదే ముద్రణలో రెండో ప్రతి సంపాదించి వినాలి. లోపం రెండిట్లోనూ అదే చోట ఉంటే అది చెక్కడంలోది గానీ లోహపు అచ్చులది గానీ. ఒకదాంట్లోనే ఉంటే ఆ ప్రతిది.

తర్వాత ఇంట్లో ఇంకొకరిని ఫైళ్ళకు ‘క’, ‘ఖ’ అని పేర్లు పెట్టి కలిపెయ్యమనండి. ఏది ఏదో చూడకుండా పదిసార్లు చెప్పండి. పదింట తొమ్మిదో పదో సరిగ్గా చెప్తే అది గుడ్డిగా ఊహించి తగిలే అవకాశం నూటికి ఒకటే, మీరు తేడా వింటున్నట్టే. ఆరు, ఏడు దగ్గర ఆగితే ఆ రెండు ప్రతుల మధ్య మీ ప్లేయర్ మీద మీకు వినపడే తేడా ఉందని చెప్పలేం. అప్పుడు అట్ట బాగున్నదో, నిశ్శబ్దంగా తిరిగేదో ఉంచుకుని రెండోది అమ్మేయవచ్చు. అమ్మేటప్పుడు రెండు వైపుల రనౌట్ రాతలూ అక్షరం పొల్లుపోకుండా రాసి, టార్చి వెలుగులో తీసిన ఫొటో కూడా పెట్టండి. అవతల కొనేవారు మొదట వెతికేది అదే.